‘సంస్థ’ అన్న గడిలో ఏం రాయాలి

పోయిన నెలలో ఒక సదస్సుకి పేపర్ పంపుదామని ఆన్‌లైన్‌లో ఫారం నింపుతూ మూడో గడి దగ్గర ఆగిపోయాను. పేరు రాశాను, ఈమెయిల్ రాశాను, తర్వాతది ‘సంస్థ’. పక్కనే ఎర్ర చుక్క, అంటే ఖాళీగా వదిలితే ఫారం ముందుకి కదలదు. నేను పగలంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను, ఆ కంపెనీ పేరు అక్కడ రాయడంలో అర్థం లేదు. ఎం.ఏ. హిస్టరీ చేశాను, పీహెచ్‌డీ మొదలుపెట్టాను, పెళ్లయి బర్మింగ్‌హామ్ వచ్చాక అది అక్కడే ఆగిపోయింది, చదవడం మాత్రం ఆగలేదు. చాలాసేపు ఆలోచించి ‘స్వతంత్ర పరిశోధకురాలు’ అని కొట్టాను. పది రోజులకి జవాబు వచ్చింది: పేపర్ ఆసక్తిగా ఉంది, ఏదైనా విశ్వవిద్యాలయంతో మీకు సంబంధం ఉంటే తెలపండి, కార్యక్రమ పత్రంలో వేయడానికి.

వాళ్లు మర్యాదగానే అడిగారు. అయినా రెండు రోజులు నాకు మనసు మనసులో లేదు. నేను రాసింది క్వేకర్ల గురించి కావడమే దానికి కారణం. వాళ్ల చరిత్ర తెలిసినవాళ్లకి ఆ ప్రశ్న ఇంకోలా వినిపిస్తుంది.

మనలో చాలామందికి క్వేకర్ అంటే ఓట్స్ డబ్బా మీది టోపీ పెద్దాయన గుర్తొస్తాడు. ఆ కంపెనీకి వీళ్లతో ఏ సంబంధమూ లేదు. వీళ్లు 1650ల ఇంగ్లండులో మొదలైన ఒక క్రైస్తవ సంఘం, తమని తాము ‘ఫ్రెండ్స్’ అని పిలుచుకుంటారు. ఇంగ్లండులో వీళ్ల ఆరాధనకి పాస్టరు ఉండడు, అందరూ నిశ్శబ్దంగా కూర్చుంటారు, లోపల్నించి మాట వస్తే ఎవరైనా, ఆడవాళ్లయినా సరే, లేచి చెప్పొచ్చు. కాడ్‌బరీ చాక్లెట్ కుటుంబం క్వేకర్లదే, మా ఇంటికి దగ్గర్లో ఉన్న బోర్న్‌విల్ ఊరు వాళ్లు కట్టించిందే. సంఘాన్ని మొదలుపెట్టిన జార్జ్ ఫాక్స్ నేతపనివాడి కొడుకు, చెప్పులు కుట్టేవాడి దగ్గర పని నేర్చుకున్నాడు. ఆక్స్‌ఫర్డ్‌లోనో కేంబ్రిడ్జ్‌లోనో చదివినంత మాత్రాన ఎవరూ క్రీస్తు సేవకులు అయిపోరని తనకి తెలిసివచ్చిందని ఆయన తన జర్నల్‌లో రాసుకున్నాడు. మొదటి తరం వాళ్లు పెద్దాచిన్నా తేడా లేకుండా అందరినీ ఏకవచనంలో పిలిచేవాళ్లు. జడ్జిగారి ముందు నిలబడి, టోపీ తీయకుండా, ‘నువ్వు’ అనడం ఎలా ఉంటుందో ‘మీరు’, ‘నువ్వు’ రెండూ ఉన్న మన భాషవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. దానికి దెబ్బలు తిన్నారు, జైళ్లకి వెళ్లారు.

బిరుదులు వద్దని అంత కష్టపడ్డవాళ్ల గురించి రాసేటప్పుడు బిరుదు అడుగుతున్నారే అన్నది నా బాధ. కానీ అది భావోద్వేగం మాత్రమే అని ఎవరైనా అనొచ్చు. చరిత్ర చూస్తే దీని వెనక ఒక చట్టం కూడా ఉంది. ఇంగ్లండు ప్రభుత్వ చర్చిని ఒప్పుకుని సంతకం పెట్టనివాళ్లకి ఆక్స్‌ఫర్డ్‌లో 1854 వరకు, కేంబ్రిడ్జ్‌లో 1856 వరకు డిగ్రీ ఇచ్చేవాళ్లు కాదు. అక్కడ బోధించే పదవులకి ఉన్న మత నిబంధన 1871 చట్టంతో గానీ పోలేదు. అంటే 200 ఏళ్లపాటు క్వేకర్లు ఏం చదివినా, ఏం కనిపెట్టినా, ఏం రాసినా ఆ రెండు విశ్వవిద్యాలయాల గోడలకి బయటే. మన టీవీల్లో ప్రతి వేసవిలో పిడుగులు పడేముందు ‘క్యుములోనింబస్ మేఘాలు’ అంటారు కదా, ఆ క్యుములస్, నింబస్ అన్న పేర్లు పెట్టింది ల్యూక్ హోవర్డ్ అనే క్వేకరు. ఆయన మందుల తయారీ వ్యాపారి. 1802లో లండన్‌లో స్నేహితుల చిన్న సైన్స్ సంఘంలో చదివిన పేపర్ అది. ఏ విశ్వవిద్యాలయంలోనూ ఆయనకి ఉద్యోగం లేదు.

ఇక క్వేకర్ల సొంత చరిత్ర సంగతి. ఇవాళ ఏ పెద్ద ప్రొఫెసరు క్వేకర్ల మీద పుస్తకం రాసినా కింద ఫుట్‌నోట్లలో ఉండే పేర్లు ఒక్కసారి చూడండి.

మొదటి క్వేకర్లు పడ్డ జరిమానాలు, జప్తులు, జైలు శిక్షలు ఊరూరా లెక్కగట్టి 1753లో రెండు పెద్ద సంపుటాలుగా తెచ్చిన జోసెఫ్ బెస్ బడిపంతులు. క్వేకర్లు రాసిన ప్రతి పుస్తకానికీ, ప్రతి కరపత్రానికీ 1867లో జాబితా అచ్చువేసిన జోసెఫ్ స్మిత్ లండన్‌లో పుస్తకాలమ్ముకునే మనిషి. 1912లో, 1919లో వచ్చిన రెండు పుస్తకాలు ఇప్పటికీ తొలినాటి క్వేకర్ చరిత్రకి పునాది, వాటిని రాసిన విలియం చార్లెస్ బ్రెయిత్‌వెయిట్ మొదట లాయరు, తర్వాత బాన్‌బరీలో బ్యాంకరు. పగలు బ్యాంకు, రాత్రి 17వ శతాబ్దం. అసలు ఆ చరిత్ర రాయాలని కలగన్నది యార్క్‌లో చాక్లెట్ కంపెనీ కుటుంబానికి చెందిన జాన్ విల్హెల్మ్ రౌన్‌ట్రీ, ఆయన 1905లో 36 ఏళ్లకే చనిపోతే స్నేహితులు ఆ పని భుజాన వేసుకున్నారు. బ్రెయిత్‌వెయిట్ మొదటి పుస్తకం రాసిన 40 ఏళ్లకి కూడా దాన్ని పక్కన పెట్టలేదు, హార్వర్డ్‌లో పనిచేసిన హెన్రీ కాడ్‌బరీ కొత్త నోట్స్ చేర్చి 1955లో మళ్లీ తెచ్చారు. ఒక ప్రొఫెసరు ఒక బ్యాంకరు పనిని ఇలా చేతిలోకి తీసుకుని, సరిచేసి, ఆయన పేరు మీదే ముందుకి పంపడం నాకు చాలా ఇష్టమైన విషయం. గుర్తింపు అంటే నా దృష్టిలో ఇదే.

నాకు అందరికన్నా దగ్గరగా అనిపించేది విలియం వేడ్ హిన్‌షా. అమెరికాలో ఒపెరా గాయకుడు, న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో పాడినవాడు. పాటలు ఆపేశాక ఆయన చేసిన పని ఏంటంటే, అమెరికాలో క్వేకర్ మీటింగుల (ఊరూరా ఉండే వాళ్ల స్థానిక సంఘాల్ని అలా అంటారు) పాత రిజిస్టర్లు వెతికించి, పుట్టినవాళ్లు, పెళ్లయినవాళ్లు, చనిపోయినవాళ్లు, ఒక మీటింగ్ నుంచి ఇంకో మీటింగ్‌కి మారినవాళ్లు, సంఘం నుంచి తీసేసినవాళ్లు, అందరి వివరాలూ వరసగా కూర్చడం. 1936లో మొదటి సంపుటం వచ్చింది. ఆయన కార్డులు ఇవాళ స్వార్త్‌మోర్ కాలేజీ లైబ్రరీలో ఉన్నాయి. అమెరికాలో క్వేకర్ మూలాలున్న కుటుంబాలవాళ్లు తాతముత్తాతల కోసం వెతికితే ముందు తట్టే తలుపు అదే.

కార్డులంటే గుర్తొచ్చింది, అసలు ఈ పోస్టు రాస్తున్నది కూడా కార్డుల గురించే.

నాలుగేళ్ల కింద ఇక్కడి ఒక క్వేకర్ మీటింగ్ చరిత్ర తయారుచేస్తుంటే సాయానికి వెళ్లాను. అక్కడ పరిచయమయ్యారు ఒకావిడ. 82 ఏళ్లు, నర్సుగా చేసి రిటైరయ్యారు. క్వేకర్లలో అందరూ అందరినీ పేరుపెట్టే పిలుచుకుంటారు, నన్నూ అలాగే పిలవమన్నారు, నాకేమో అంత పెద్దావిడని పేరుపెట్టి పిలవడానికి నోరు రాలేదు, ఇప్పటికీ ‘ఆంటీ’ అనే అంటాను, ఆవిడ నవ్వి ఊరుకుంటారు. ఆవిడ ఇంట్లో మెట్ల కింద అలమరలో పదకొండు షూ పెట్టెలున్నాయి. ప్రతి పెట్టెలో అరచేయంత కార్డులు, ఒక్కో కార్డు ఒక్కో మనిషి. పేరు, చేసే పని, చనిపోయిన తేదీ, ఎక్కడ పూడ్చారు, ఏ రిజిస్టరు, ఎన్నో పేజీ. నీలం సిరాతో రాసింది అసలు రిజిస్టరు కళ్లారా చూసి సరిచూసుకున్నది. పెన్సిల్‌తో ఉన్నది ఇంకా చూడాల్సింది. పెన్సిల్ కార్డుని ఆవిడ ఎప్పుడూ ఎవరికీ ‘ఇది నిజం’ అని చెప్పరు. 23 ఏళ్లు, ప్రతి గురువారం, రికార్డ్ ఆఫీసుకి రెండు బస్సులు మారి వెళ్లి చేసిన పని అది.

ఆవిడ విలువ నాకు ఎప్పుడు తెలిసిందంటే, ఒక తేదీ దగ్గర. క్వేకర్లు నెలలకి పేర్లు వాడేవాళ్లు కాదు, అవి పాత దేవతల పేర్లని. వారాల పేర్లదీ అంతే, మన ఆదివారం సోమవారం లాగా వాళ్లవీ సూర్యుడి పేరు, చంద్రుడి పేరు కాబట్టి, మొదటి రోజు, రెండో రోజు అని రాసేవాళ్లు. ఒక మగ్గం పనివాడిని ‘11వ నెల, 1689’లో పూడ్చినట్టు రిజిస్టర్లో ఉంది. 11 అంటే నవంబరే కదా అని అలాగే రాసుకున్నాను. ఇంకో చోట, కోర్టు కాగితాల్లో, అదే పేరున్న మనిషికి 1689 డిసెంబరులో జరిమానా వేశారు. చనిపోయినవాడికి జరిమానా వేయరు కాబట్టి ఇద్దరు వేరే మనుషులని తేల్చి, తండ్రీకొడుకులని కూడా ఊహించి రెండు పేజీలు రాశాను. ఆవిడ చదివి, ఏమీ అనకుండా ఒక కాగితం మీద మార్చి దగ్గర 1 వేసి, ఏప్రిల్ దగ్గర 2 వేసి, అలా కిందదాకా రాసుకుంటూ వెళ్లారు. ఇంగ్లండులో 1752కి ముందు సంవత్సరం మొదలయ్యేది మార్చి 25న, క్వేకర్ల మొదటి నెల మార్చి. 11వ నెల వచ్చేది జనవరి. మనం ఇప్పుడు లెక్కపెట్టే ప్రకారం అది 1690 జనవరి. డిసెంబరులో జరిమానా కట్టినవాడే జనవరిలో చనిపోయాడు. మనిషి ఒక్కడే. నా తండ్రీకొడుకులు ఆ కాగితం మీదే మాయమైపోయారు.

ఇది ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలియాల్సిన విషయమే. కానీ నాకు నేర్పింది ఆవిడ.

కొన్నేళ్ల కింద ఒక పరిశోధకుడు ఆ పెట్టెలు రెండు నెలలు అరువు తీసుకెళ్లారట. తర్వాత పుస్తకం వచ్చింది. అందులో ఒక పట్టిక ఉంది, ఆ ప్రాంతపు క్వేకర్లు ఏయే పనులు చేసేవాళ్లో, ఎంతమందో. ఆ అంకెలన్నీ కార్డుల్లోంచి తీసినవే. కింద ఆధారంగా రికార్డ్ ఆఫీసు రిజిస్టరు నంబర్లిచ్చారు, ఆవిడ పేరు ఎక్కడా లేదు, కృతజ్ఞతల పేజీలో కూడా. నేను పుస్తకం తెచ్చి చూపించి, మీకు కష్టంగా లేదా ఆంటీ అని అడిగాను. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని ఆ పట్టిక మొత్తం వేలితో చదివి, “అంకెలు సరిగ్గానే వేశాడు. రెండు తప్పున్నాయి, అవి పెన్సిల్ కార్డులు” అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆ రెండు తప్పులు ఎక్కడివో చెప్పగలిగిన మనిషి ఈ ప్రపంచంలో ఒక్కరే ఉన్నారు, ఆ ఒక్కరి పేరే పుస్తకంలో లేదు.

పేరు వేయడం మర్యాద కోసం మాత్రమే అనుకుంటారు చాలామంది. కాదండీ. పేరు లేకపోతే తర్వాత వచ్చేవాళ్లకి ఆ దారి మూసుకుపోతుంది. నీలం ఏదో పెన్సిల్ ఏదో ఎవర్ని అడగాలో తెలియదు, తప్పు తప్పుగానే ఇంకో పుస్తకంలోకి వెళ్తుంది.

మన దేశం సంగతికి వస్తే, విజయవాడ నుంచి ఢిల్లీ రైలెక్కినవాళ్లందరికీ ఇటార్సీ తెలుసు. అది దాటగానే నర్మద ఒడ్డున హోషంగాబాద్, ఇప్పుడు నర్మదాపురం అంటున్నారు. ఇంగ్లండు క్వేకర్లు మన దేశంలో ఎక్కువకాలం పనిచేసింది ఆ చుట్టుపక్కలే. రేచల్ మెట్‌కాఫ్ అనే ఆవిడ 1866లో బెనారస్ వచ్చింది, తర్వాత మిషన్ అటు మారింది. పక్కనే రసూలియాలో వాళ్లు ఒక గ్రామీణ కేంద్రం పెట్టారు. పల్లెటూరి బడుల్లో పిల్లలు చేతుల్తో ప్రయోగాలు చేసి సైన్స్ నేర్చుకోవాలని 1972లో 16 బడుల్లో మొదలైన హోషంగాబాద్ సైన్స్ కార్యక్రమం, కిశోర్ భారతి అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి, ఆ రసూలియా నుంచే వచ్చింది. నేను సదస్సుకి పంపిన పేపర్ కూడా హోషంగాబాద్ క్వేకర్ల ఉత్తరాల మీదే.

ఈ కథంతా ఒకచోట కూర్చి 1980లో పుస్తకం చేసింది మార్జరీ సైక్స్. 1928లో మద్రాసులో ఆడపిల్లల బడికి టీచరుగా వచ్చిన ఇంగ్లిషావిడ, ఆ తర్వాత శాంతినికేతన్, ఆ తర్వాత సేవాగ్రామ్‌లో గాంధీగారి నయీ తాలీమ్, అంటే చేతిపనితో చదువు నేర్పే పద్ధతి, ఆ పని. ఆ పుస్తకం వచ్చేనాటికి ఆవిడకి 75 ఏళ్లు. భారతదేశంలో క్వేకర్లని ‘మరిచిపోయిన శతాబ్దం’ అన్నారు పుస్తకం పేరులోనే. ఈ విషయం మీద పనిచేసే ఎవరైనా ముందు ఆ పుస్తకం దగ్గరికే వెళ్లాలి, నేనూ అలాగే వెళ్లాను.

విశ్వవిద్యాలయం బయట ఉండి పరిశోధన చేయడం మనకి కొత్త కాదు. తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి 1955లో వచ్చింది ఒక పరిశోధన గ్రంథానికి, రాసిన సురవరం ప్రతాపరెడ్డిగారు వకీలు, పత్రికా సంపాదకుడు. బహుమతి వచ్చేసరికి ఆయన పోయి రెండేళ్లయింది.

ఒక మాట ఒప్పుకోవాలి. విశ్వవిద్యాలయాల బయటివాళ్లు రాసిందంతా బాగుంటుందని నేను అనను. సంఘంలో వాళ్లే సంఘం గురించి రాసుకుంటే పొగడ్త ఎక్కువవుతుంది. క్వేకర్లు బానిసత్వాన్ని ఎదిరించారని, 1688లోనే అమెరికాలోని జర్మన్‌టౌన్‌లో నిరసన పత్రం రాశారని ఎంతో రాశారు, అదే క్వేకర్లలో చాలామంది బానిసల్ని ఉంచుకున్నారని, పెన్సిల్వేనియాని స్థాపించిన క్వేకరు విలియం పెన్ కూడా ఉంచుకున్నాడని, ఫిలడెల్ఫియా సంఘం తన సభ్యులకి అది నిషేధించింది 1776లో గానీ కాదని అంత గట్టిగా రాయలేదు. పాత పుస్తకాలు చదువుతుంటే ఆ మౌనం నాకే ఇబ్బందిగా ఉంటుంది. అయితే ఆ మౌనాన్ని బద్దలుకొట్టినవాళ్లలో కూడా ప్రొఫెసర్లు కానివాళ్లున్నారు. డోనా మెక్‌డానియల్, వనెసా జూలై కలిసి 2009లో తెచ్చిన ‘ఫిట్ ఫర్ ఫ్రీడమ్, నాట్ ఫర్ ఫ్రెండ్‌షిప్’ నల్లజాతివాళ్లని క్వేకర్లు తమలో కలుపుకోవడానికి ఎంత వెనకాడారో పేజీ పేజీకీ చూపించింది, దాన్ని అచ్చువేసింది క్వేకర్ల సొంత ప్రచురణ సంస్థే. కాబట్టి చూడాల్సింది పని. ఆధారం ఉందా, నీలమా పెన్సిలా. అది చూడండి, ఎంత కఠినంగానైనా చూడండి, పేపర్ తిప్పి పంపినా నాకు అభ్యంతరం లేదు. సంస్థ పేరు చూసి మాత్రం తూచకండి.

ఇప్పుడు ఈ ‘బయట’ అన్నదాంట్లో రిటైరైనవాళ్లు, నాలాంటి ఉద్యోగస్తులే కాదు, గంటకింత అని పాఠాలు చెప్పే పీహెచ్‌డీలు కూడా ఉన్నారు. మన గెస్ట్ ఫ్యాకల్టీల బతుకే అక్కడా. కాంట్రాక్ట్ అయిపోయిన రోజు ఈమెయిల్ పోతుంది, ఈమెయిల్‌తోపాటు లైబ్రరీ లాగిన్ పోతుంది, సగం రాసిన వ్యాసానికి కావలసిన జర్నల్ ఒక్కో పేజీకీ డబ్బు అడుగుతుంది. ఇక్కడ మాత్రం క్వేకర్ల రంగం కొంచెం నయం, అది చెప్పకపోతే తప్పవుతుంది. లండన్‌లో యూస్టన్ స్టేషన్ ఎదురుగా ఫ్రెండ్స్ హౌస్‌లో వాళ్ల లైబ్రరీ ఉంది, 1673లో మొదలైంది, నన్ను ఎవరూ డిగ్రీ అడగలేదు, పెన్సిల్ తెచ్చుకున్నారా అని మాత్రం అడిగారు. 1903లో పెట్టిన ఫ్రెండ్స్ హిస్టారికల్ సొసైటీలో ఎవరైనా చేరొచ్చు. ‘క్వేకర్ స్టడీస్’ పత్రిక ఆన్‌లైన్‌లో అందరూ ఊరికే చదువుకోవచ్చు. అదే 1903లో జార్జ్ కాడ్‌బరీ ఇంట్లో, ఇక్కడే బర్మింగ్‌హామ్‌లో, మొదలైన వుడ్‌బ్రుక్ అనే క్వేకర్ల చదువుల కేంద్రంలో, 1931లో గాంధీగారు వచ్చి ఉన్న ఇల్లది, డిగ్రీతో పనిలేకుండా ఎవరైనా వచ్చి చదువుకునే వీలుండేది. 2023లో ఆ భవనంలో కార్యక్రమాలు ఆపేశారు. ఆ గేటు ముందునుంచి వెళ్లినప్పుడల్లా గుండె బరువెక్కుతుంది.

నేను అడిగేవి పెద్ద కోరికలు కాదు. ఫారంలో ఆ ఎర్ర చుక్క తీసేయండి, ‘సంస్థ’ బదులు ‘ఊరు’ అని అడిగినా చాలు. బహుమతులు, రైలు ఛార్జీలకిచ్చే చిన్న చిన్న గ్రాంట్లు కొన్నయినా జీతం లేకుండా పనిచేసేవాళ్లకి విడిగా ఉంచండి. ఎవరి పెట్టెలోంచి అంకె తీస్తే వాళ్ల పేరు ఆ అంకె కిందే రాయండి, చివరి పేజీలో ‘తదితరులు’ అని కాదు.

సదస్సువాళ్లకి జవాబు రాశాను, ఏ విశ్వవిద్యాలయంతోనూ సంబంధం లేదని, పేరు కింద బర్మింగ్‌హామ్ అని వేయమని.

ఇప్పుడు గురువారం సాయంత్రాలు ఆంటీ ఇంటికి వెళ్లి ఆ కార్డులు ఎక్సెల్‌లోకి ఎక్కిస్తున్నాం. ఆవిడ చదువుతారు, నేను కొడతాను. మూడో పెట్టెలో ఉన్నాం. నీలానికీ పెన్సిల్‌కీ ఒక కాలమ్ పెట్టాను, ఆవిడకి అది నచ్చింది. దాని పక్కన ‘సేకరించినది’ అని ఇంకో కాలమ్ పెట్టి ప్రతి వరసలో ఆవిడ పేరు నింపితే మాత్రం తీసేయమన్నారు. తీయనన్నాను. కాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు, వాళ్లకి అలా ఊరికే కూర్చోవడం అలవాటే, నాకే కష్టమైంది. టీ చల్లారిపోయింది. చివరికి ఆవిడే అన్నారు, “నా పేరు ఉండాలంటే, ఆ రిజిస్టరు రాసిన గుమాస్తా పేరు కూడా ఉండాలి. వాళ్లకీ ఎవరూ జీతం ఇవ్వలేదు.” సరేనన్నాను, ఇంకో కాలమ్ చేర్చాను. దానివల్ల పని రెట్టింపైంది, ప్రతి రిజిస్టరుకీ అది ఎవరి చేతిరాతో తెలుసుకోవాలి. మగ్గం పనివాడి మరణం రాసినాయన పేరు ఇంకా దొరకలేదు. ‘g’ తోక ఎడమవైపుకి బాగా సాగదీసి రాస్తాడు, అదొక్కటే ఆనవాలు. వచ్చే గురువారం ఇద్దరం రికార్డ్ ఆఫీసుకి వెళ్తున్నాం, ఈసారి బస్సులు మారక్కర్లేదు, కారు నేను తీస్తాను.